పెద్ద కంపెనీ నుంచి చిన్న కంపెనీకి మారితే ఇంటిల్లిపాది ఆరోగ్య బీమా ఏమవుతుంది?

ప్రశ్న: మాది మదనపల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరులో కె.ఆర్.పురం దగ్గర ఉంటున్నాం. మావారు వేల మంది పనిచేసే ఒక ఐటీ కంపెనీలో పదకొండేళ్లుగా ఉద్యోగం చేస్తున్నారు. ఆ కంపెనీ ఇచ్చే 5 లక్షల ఆరోగ్య బీమాలో మా ఇద్దరితోపాటు ఏడేళ్ల బాబు, అత్తగారు, మామగారు కూడా ఉన్నారు. ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని 14 మంది ఉన్న ఒక కంపెనీ నెలకు 35,000 రూపాయలు ఎక్కువ ఇస్తామని ఆఫర్ లెటర్ పంపింది. అక్కడ బీమా 3 లక్షలేనట. అదీ చేరిన మూడు నెలల తర్వాత మొదలవుతుందట, తల్లిదండ్రులకు వర్తించదట. అత్తగారికి 66 ఏళ్లు, పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, రెండేళ్ల క్రితం స్టెంట్ వేశారు. మామగారికి 71. నేను ఇందిరానగర్‌లో ఎనిమిది మంది ఉన్న ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. జీతం 19,500, బీమా ఏమీ లేదు. కంపెనీలో ఎంతమంది ఉన్నారన్నదానికీ మా ఇంటి బీమాకూ ఇంత సంబంధం ఎందుకుంటుంది? అమెరికాలో ఉన్న మా చిన్నాన్న కొడుకు అక్కడా ఇదే బాధ అంటున్నాడు. మావారు వెళ్లవచ్చా? వెళ్తే అత్తగారి సంగతేమిటి?

(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, బెంగళూరు)

సమాధానం: వెళ్లవచ్చమ్మా. కానీ రాజీనామా ఇవ్వకముందే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఆ తర్వాత చేద్దామంటే వాటిలో ముఖ్యమైనది కుదరకుండా పోతుంది. అది మీ అత్తగారికి సంబంధించినదే కాబట్టి, ముందుగా మీరు అడిగిన ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పి, తర్వాత దాని దగ్గరికి వస్తాను. ఆ కారణం అర్థమైతే ఏ కాగితం ఎవరిని అడగాలో మీకే తెలుస్తుంది.

కంపెనీ ఇచ్చే బీమా అంటే ఉద్యోగులందరి ప్రీమియం ఒక కుండలో పోసి, జబ్బు చేసినవారికి అందులోంచి తీసి ఇవ్వడం. లెక్కలు మీకు అలవాటైన పనే కాబట్టి అంకెల్లోనే చెబుతాను. ఒక్కో ఉద్యోగి కుటుంబానికి ఏడాదికి 12,000 ప్రీమియం అనుకుందాం. 6,000 మంది ఉన్న కంపెనీ కుండలో 7 కోట్ల 20 లక్షలు పడతాయి. ఎవరి తండ్రికో బైపాస్ జరిగి 4 లక్షల క్లెయిమ్ వస్తే ఆ కుండలో అర శాతానికి కాస్త ఎక్కువ మాత్రమే తగ్గుతుంది, దాన్ని ఎవరూ గమనించను కూడా గమనించరు. 14 మంది ఉన్న కంపెనీ కుండలో పడేది 1,68,000. అదే బైపాస్ అక్కడ జరిగితే కుండ ఖాళీ అయ్యాక కూడా బీమా సంస్థ తన జేబులోంచి 2,32,000 పెట్టుకోవాలి. మరుసటి ఏడాది రెన్యువల్‌కు వచ్చేసరికి ఆ సంస్థ ప్రీమియం బాగా పెంచుతుంది, లేదా షరతులు బిగిస్తుంది, లేదా ఈ గ్రూపు మాకు వద్దంటుంది. జబ్బు అదే, ఆసుపత్రి అదే, బిల్లూ అదే. పంచుకునే తలలు తక్కువైనందువల్ల ఆ బరువు ఒక్కొక్కరి మీద ఎక్కువ పడుతుంది.

దీనికి తోడు బీమా సంస్థకు ఒక అనుమానం కూడా ఉంటుంది. వేల మంది ఉన్నచోట అందరినీ ఒకేసారి చేరుస్తారు కాబట్టి ఆరోగ్యవంతులూ జబ్బుపడినవారూ సహజమైన పాళ్లలోనే ఉంటారని అది నమ్ముతుంది. పది మంది ఉన్నచోట మాత్రం, యజమాని ఇంట్లో ఎవరికో ఆపరేషన్ దగ్గరపడితేనే బీమా గుర్తుకొచ్చిందేమోనని శంకిస్తుంది. అసలు గ్రూపు పాలసీ ఇవ్వడానికి కనీసం ఏడుగురైనా ఉండాలని 2016 నాటి ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) ఆరోగ్య బీమా నిబంధనలు చెప్పాయి. పెద్ద గ్రూపులకు మొదటిరోజు నుంచే పాత జబ్బులకూ వర్తింపు, ప్రసవ ఖర్చుకు నిరీక్షణ (క్లెయిమ్ చేసుకోవడానికి ఆగవలసిన కాలం) లేకపోవడం, తల్లిదండ్రులను చేర్చుకోవడం వంటివన్నీ బేరమాడి తెచ్చుకునే బలం ఉంటుంది. చిన్న కంపెనీకి బీమా సంస్థ ముందే అచ్చువేసిన పాలసీ చేతిలో పెట్టి, ఇష్టమైతే తీసుకోమంటుంది.

నేను చాలా ఏళ్లు బెంగళూరులో కంపెనీలకు గ్రూపు పాలసీలు కుదిర్చే పని చేశాను. ఒకసారి రెన్యువల్ కోసం ఇరవై రెండు మంది ఉన్న ఒక కంపెనీకి వెళ్లాను. కింద మందుల దుకాణం, పై అంతస్తులో ఆఫీసు. కొత్త కొటేషన్ చూసి యజమాని చాలాసేపు మాట్లాడలేదు. ప్రీమియం అంతకు ముందటి ఏడాదికి దాదాపు రెట్టింపయింది. ఆయన చెడ్డవాడు కాదు, జీతాలు ఏ నెలా ఆపినవాడు కాదు. చివరకు, తల్లిదండ్రులను తీసేస్తే ఎంత తగ్గుతుందని నన్ను అడిగారు. ఆ పట్టిక టైపు చేస్తున్నది వాళ్ల అకౌంటెంటే. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్న తల్లి ఉన్నది అతనికే. అతను ఒక్క మాట కూడా అనకుండా ఆ గడి తొలగించి, మిగతా మొత్తం కూడి, కాగితం ఇటు తిప్పాడు. అతని చేతులు ఇప్పటికీ నా కళ్ల ముందున్నాయి. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ముందుగా తెగేది తల్లిదండ్రుల వరుస, ఆ తర్వాత భార్యాపిల్లల వరుస, చివరికి మిగిలేది ఉద్యోగి పేరు ఒక్కటే. మీవారి ఆఫర్ లెటర్‌లో తల్లిదండ్రులు లేకపోవడం ఆ కంపెనీ దయలేనితనమని మీరు అనుకోకూడదనే ఇంత వివరంగా చెప్పాను.

చట్టం ఏమంటుందన్నది తర్వాతి ప్రశ్న. ఈఎస్‌ఐ (ఉద్యోగి, యజమాని వాటాలతో నడిచే ప్రభుత్వ వైద్య బీమా) పరిధి దాటిన జీతగాళ్లకు కుటుంబ బీమా ఇచ్చి తీరాలన్న నిర్బంధం మన దేశంలో ప్రైవేటు యజమానిపై లేదు. కోవిడ్ లాక్‌డౌన్ సడలిస్తూ 2020 ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో పనిచేసేవారికి వైద్య బీమా తప్పనిసరి అన్నారు. ఎన్నో చిన్న సంస్థలు మొదటిసారి పాలసీ కొన్నది అప్పుడే. అయితే అందులోనూ ఇంటివారి ప్రస్తావన లేదు. మీ చిన్నాన్న కొడుకు చెప్పినదీ నిజమే. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం 50 మంది లేదా అంతకు మించి పూర్తికాలపు ఉద్యోగులున్న యజమాని వారికీ, 26 ఏళ్లలోపు పిల్లలకూ బీమా అవకాశం ఇవ్వాలి, లేకపోతే జరిమానా కట్టవలసి రావచ్చు. భార్యకో భర్తకో ఇవ్వాలన్న నియమం అక్కడా లేదు. 50కి తక్కువైతే యజమాని ఇష్టం. ఉద్యోగం పోయాక పాత బీమాను సొంత డబ్బుతో సాధారణంగా 18 నెలల దాకా కొనసాగించుకునే కేంద్ర చట్టపు హక్కు 20 మంది, అంతకు పైన ఉన్న కంపెనీల వారికే ఉంది. కుటుంబాన్ని చేర్చుకోవడానికి చిన్న కంపెనీల ఉద్యోగులు తమ జీతంలోంచి ఎక్కువ వాటా పెట్టుకోవలసి వస్తోందని అక్కడి సర్వేలు ఏటా చూపిస్తూనే ఉన్నాయి. అక్కడ చట్టం గీత 50 దగ్గరా 20 దగ్గరా ఉంటే, మన గీత 10 దగ్గర ఉంది.

ఆ 10 మీ ఇంటికి చాలా దగ్గరగా ఉందమ్మా. మీరు మీవారి ఉద్యోగం గురించి అడిగారు కానీ, మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆశ కనిపించింది మీ ఉద్యోగంలోనే. పది మంది, అంతకు పైగా పనిచేసే సంస్థలో నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవారు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. ఈ జీతం పరిమితి 2017 జనవరి నుంచి అలాగే ఉంది. 2019 జూలై నుంచి ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. మీ 19,500 మీద రెండూ కలిపి నెలకు 780 రూపాయలు, అందులో మీ జీతంలోంచి పోయేది దాదాపు 147. దానికి వైద్యం మీకే కాదు, మీవారికీ బాబుకూ కూడా అందుతుంది. భర్త ఎంత సంపాదిస్తున్నా ఈఎస్‌ఐ లెక్కలో కుటుంబ సభ్యుడే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో కుటుంబం నిర్వచనాన్ని విస్తరించి, ఉద్యోగిని మీద ఆధారపడిన అత్తమామలను కూడా చేర్చారు. వారి సొంత ఆదాయానికి పరిమితి ఉంటుంది కాబట్టి మామగారి పొలం, అద్దెల లెక్క చూసుకోవలసి ఉంటుంది. వయసు ఎక్కువనో, షుగర్ ఉందనో, స్టెంట్ వేశారనో ఈఎస్‌ఐలో ఎవరూ తిరగ్గొట్టరు. మార్కెట్‌లో మనం సొంతంగా కొనే పాలసీల్లో సాధారణంగా దొరకని గుణం ఇది.

మీ ఆఫీసులో ఎనిమిది మందే ఉన్నారన్నారు. ఆ ఎనిమిదిలో ఎవరిని లెక్కపెట్టారో ఒకసారి చూడండి. కాంట్రాక్టరు ద్వారా వచ్చే డెలివరీ అబ్బాయి, సెక్యూరిటీ మనిషి కూడా లెక్కలోకి వచ్చే సందర్భాలున్నాయి. రిజిస్టరులో ఎనిమిది పేర్లు, ఆఫీసులో పదకొండు మంది ఉండడం ఈ ఊళ్లో నేను ఎన్నోసార్లు చూశాను. నిజంగానే ఎనిమిది మందే అయినా దారి మూసుకుపోలేదు. యజమానీ, ఉద్యోగుల్లో ఎక్కువమందీ ఒప్పుకుంటే, పది మంది లేని సంస్థ కూడా స్వచ్ఛందంగా ఈఎస్‌ఐలో చేరేందుకు దరఖాస్తు పెట్టుకునే వీలు కొత్త కోడ్‌లో ఉంది. మీ యజమానితో హక్కుల భాషలో కాకుండా లెక్కల భాషలో మాట్లాడండి. ఒక్కొక్కరి మీద ఆయనకు నెలకు ఆరువందల చిల్లర ఖర్చు, దానితో ఒక మంచి అకౌంటెంటు కొన్నేళ్లు అక్కడే ఉంటారు. ఒకసారి సంస్థ పరిధిలోకి వచ్చిందంటే తర్వాత మనుషులు తగ్గినా పరిధి పోదు. మీ జీతం మధ్యలో 21,000 దాటినా ఆ ఆరు నెలల కంట్రిబ్యూషన్ (వాటా కట్టే) గడువు ముగిసేదాకా మీ వాటా కొనసాగుతుంది, దానికి తగిన ప్రయోజన కాలం ఆ తర్వాత వస్తుంది. ఉదాహరణకు మే నెలలో జీతం పెరిగితే సెప్టెంబరు దాకా వాటా కడతారు, మరుసటి జూన్ దాకా వైద్యం అందుతుంది. రాజాజీనగర్‌లో ఈఎస్‌ఐ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, ఇందిరానగర్‌లో మీ ఆఫీసుకు దగ్గర్లోనే ఒక ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. క్యూలు ఉంటాయి, డిస్పెన్సరీ నుంచి రెఫరల్ తీసుకుని వెళ్లవలసి ఉంటుంది, ఒక్కోసారి మందులు మర్నాడు రమ్మంటారు. అవన్నీ నిజమే. అయినా పెద్ద జబ్బు వచ్చిన రోజున ఇంతవరకే అన్న లక్షల పరిమితి చూపించి బయటికి పంపని చోటు ఇంకొకటి మీకు దొరకడం కష్టం.

మరో మాట కూడా ఇక్కడే చెబుతాను. మీరు రెండో బిడ్డ గురించి ఆలోచిస్తున్నారో లేదో నాకు తెలియదు, మీరు రాయలేదు కూడా. ఆ ఆలోచన ఉంటే, 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు హక్కు కూడా దుకాణాలు, ఆఫీసుల విషయంలో పది మంది ఉన్న సంస్థలకే వర్తిస్తుందన్నది గుర్తుంచుకోండి. బజారులో కొనే సొంత పాలసీల్లో ప్రసవ ఖర్చుకు ఏళ్ల తరబడి నిరీక్షణ ఉంటుంది, చాలా పాలసీల్లో ఆ వర్తింపే ఉండదు.

ఇక అత్తగారి సంగతి. రాజీనామాకు ముందే చేయాలని చెప్పిన పని ఇదే. గ్రూపు పాలసీలో పేరున్న ఉద్యోగికీ కుటుంబ సభ్యులకూ, ఆ గ్రూపు నుంచి బయటికి వచ్చేటప్పుడు అదే బీమా సంస్థ దగ్గర వ్యక్తిగత పాలసీకి మారే హక్కును ఐఆర్‌డీఏఐ ఇచ్చింది. దీన్ని మైగ్రేషన్ అంటారు. మామూలుగా కొత్త పాలసీ కొంటే పాత జబ్బులకు 36 నెలల దాకా నిరీక్షణ పెట్టవచ్చు (2024 ఏప్రిల్‌కు ముందు అది 48 నెలలు). మైగ్రేషన్‌లో మాత్రం గ్రూపులో గడిపిన కాలాన్ని ఆ నిరీక్షణలోంచి తగ్గించాలి. మీ అత్తగారి పేరు ఆ పాలసీలో మూడేళ్లకు పైగా తెగకుండా ఉండి ఉంటే, ఇప్పటి 5 లక్షల మేరకు ఆమె షుగరుకూ గుండెకూ మళ్లీ మొదటినుంచి నిరీక్షించవలసిన అవసరం ఉండకూడదు. దాన్నే బజారులో కొత్త పాలసీగా కొంటే, స్టెంట్ వేసి రెండేళ్లే అయిన 66 ఏళ్ల మనిషికి నిరీక్షణ మాట అటుంచి, పాలసీ ఇవ్వడమే కొన్ని సంస్థలు మానేస్తాయి. మైగ్రేషన్‌లో కూడా ఆరోగ్య వివరాలు పరిశీలించి ప్రీమియం పెంచే అధికారం సంస్థకు ఉంటుంది. అయినా మీ చేతిలో ఉన్న దారుల్లో ఇదే గట్టిది.

అందుకు మీవారు ఆఖరి పనిరోజుకు కనీసం నెల ముందే బీమా సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తు కంటే ముందు హెచ్‌ఆర్ దగ్గర ఒక ఉత్తరం తీసుకోవాలి. అందులో అత్తగారూ మామగారూ ఏ సంవత్సరం నుంచి ఏ పాలసీ నంబరు కింద, ఎంత మొత్తానికి ఉన్నారో ఏడాదివారీగా ఉండాలి. మధ్యలో కంపెనీ బీమా సంస్థను మార్చి ఉంటే అదీ రాయించుకోండి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఈ కాగితం ఒక మెయిల్‌తో వస్తుంది. రిలీవ్ అయ్యాక అడిగితే నెలలు గడుస్తాయి, ఈలోగా లాగిన్ పోతుంది, పాత ఈ-కార్డులు డౌన్‌లోడ్ కావు. సాధారణంగా గ్రూపు వర్తింపు ఆఖరి పనిరోజుతోనే ఆగిపోతుంది. రిలీవైన నాలుగో రోజున తండ్రిని ఆసుపత్రిలో చేర్చిన ఒక కుర్రవాడు క్యాష్‌లెస్ కౌంటర్ దగ్గర నిలబడి నాకు ఫోన్ చేశాడు. కార్డు పనిచేయడం లేదంటున్నారు, కొత్త ఆఫీసులో ఇంకా పది రోజులకు చేరాలి, ఇప్పుడేం చేయమంటారని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

అత్తమామలకు తీసుకునే పాలసీని మీ ముగ్గురి పాలసీతో కలపవద్దు. ఫ్లోటర్ పాలసీలో (ఒకే బీమా మొత్తాన్ని ఇంటివారందరూ పంచుకునే పాలసీ) ప్రీమియం పెద్దవారి వయసు ఆధారంగా నిర్ణయిస్తారు కాబట్టి కలిపితే మీ ముగ్గురి భారం కూడా ఊరికే పెరుగుతుంది. పైగా ఆమెకు పెద్ద ఖర్చు వచ్చిన ఏడాది బాబుకు ఏమీ మిగలకపోవచ్చు. షుగరు, స్టెంటు, వాడుతున్న మాత్రలు ఏవీ దాచకుండా ప్రపోజల్ ఫారంలో రాయండి. రాస్తే ఇవ్వరండీ, వదిలేయండని చెప్పే ఏజెంట్లు ఉంటారు. ఆ సలహా ఇచ్చినవారు క్లెయిమ్ తిరస్కరించిన రోజున మీ ఫోన్ ఎత్తరు.

మామగారికి 71 నిండాయి కాబట్టి ఆయనకు వేరే ఆధారం ఉంది. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల వైద్యాన్ని కేంద్రం 2024 అక్టోబరు 29న ప్రారంభించింది. ప్రైవేటు బీమా ఉన్నవారూ ఈఎస్‌ఐ ఉన్నవారూ కూడా దీనికి అర్హులే. ఆధార్ ప్రకారం వయసు చూసి కార్డు ఇస్తారు. కానీ ఇది ఇంట్లో 70 దాటినవారికే. అత్తగారికి ఇంకా నాలుగేళ్లు ఆగాలి. అందుకే మైగ్రేషన్‌లో ప్రీమియం భరించలేనంతగా వస్తే, మామగారిని కార్డు మీద ఉంచి, ఆ డబ్బు మొత్తం అత్తగారి పాలసీకి పెట్టమంటాను. మదనపల్లెలో వారి పేరున బియ్యం కార్డు ఉండి ఆంధ్రప్రదేశ్ ఎన్టీఆర్ వైద్య సేవకు అర్హత ఉంటే అదీ చూసుకోండి. అప్పట్లో ఆరోగ్యశ్రీ పేరుతో ఉన్న ఆ పథకాన్ని 2019 నవంబరులో కొన్ని పెద్ద చికిత్సల కోసం బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ ఆసుపత్రులకు కూడా విస్తరించారు. ఇవాళ జాబితాలో ఏ ఆసుపత్రి ఉందో వెళ్లేముందు ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు.

మీ ముగ్గురికీ కంపెనీతో సంబంధం లేని సొంత ఫ్లోటర్ ఒకటి ఇప్పుడే తీసుకోండి. మీవారు పెద్ద కంపెనీలో ఉండగానే మొదలుపెడితే మొదటి ముప్పై రోజుల నిరీక్షణ, హెర్నియా, రాళ్లు వంటి వాటికి ఉండే రెండేళ్ల నిరీక్షణలో కొంత ఈలోపే గడిచిపోతాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. కంపెనీ కొనే గ్రూపు పాలసీ మీద 18 శాతం అలాగే ఉంది. చిన్న యజమానికి అదొక భారం, మీకు మాత్రం ఇది కొంత వెసులుబాటు. పాత పన్ను విధానంలో ఉంటే మీ కుటుంబ ప్రీమియానికి 25,000 దాకా, అరవై దాటిన తల్లిదండ్రులకు కట్టేదానికి 50,000 దాకా ఆదాయపు పన్నులో మినహాయింపు వస్తుంది. కొత్త విధానంలో అది లేదు.

కొత్త కంపెనీ ఇచ్చే 3 లక్షల్లో మొత్తం కంటే గది అద్దె షరతు ముఖ్యం. చిన్న గ్రూపు పాలసీల్లో గది అద్దెను బీమా మొత్తంలో రోజుకు 1 శాతానికి కట్టడి చేయడం మామూలు. 3 లక్షలకు అది 3,000. మీవారు రోజుకు 6,000 అద్దె గల గదిలో నాలుగు రోజులు ఉన్నారనుకోండి. అద్దె 24,000, డాక్టర్లు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 80,000, మందులు, పరీక్షలు, ఇంప్లాంటు 60,000, మొత్తం 1,64,000 బిల్లు. అద్దెలో సగమే ఇస్తారు. అంతటితో ఆగరు. గది స్థాయిని బట్టి పెరిగే డాక్టరు ఫీజులు, థియేటర్ ఖర్చు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద అలా కోయకూడదన్న నియమం ఉంది కాబట్టి ఆ 60,000 పూర్తిగా వస్తుంది. చివరకు బీమా ఇచ్చేది 1,12,000, మీ చేతి నుంచి పోయేది 52,000. బీమా మొత్తం ఇంకా సగానికి పైగా మిగిలి ఉండగానే ఇంత పోతుంది. కాబట్టి గది అద్దె పరిమితి ఎంత, కో-పే (ప్రతి బిల్లులో కొంత వాటా మనమే కట్టాలన్న షరతు) ఉందా అని ఆఫర్ మీద సంతకం పెట్టకముందే పాలసీ కాపీ తెప్పించుకుని చూడండి.

మూడు నెలల తర్వాతే బీమా అన్నదాన్ని మీవారు గట్టిగా అడగవచ్చు. కొత్తగా చేరినవారి పేరును చేరిన రోజు నుంచే పాలసీలోకి ఎక్కించడం బీమా సంస్థలకు రోజువారీ పనే. ఆ మూడు నెలల ఆపు ఎక్కువగా కంపెనీ తానుగా పెట్టుకున్నదే అయి ఉంటుంది. తల్లిదండ్రులను చేర్చమంటే 14 మంది ఉన్న యజమాని చేర్చలేడు, అడిగి నిష్ఠూరపడవద్దు. దాని బదులు, వారి పాలసీకి అయ్యే ప్రీమియాన్ని జీతంలో కలపమని అడగండి. అది ఆయన చేయగలిగిన పని. మైగ్రేషన్ కొటేషన్, మీ ఫ్లోటర్ కొటేషన్ రెండూ చేతికి వచ్చాక వాటిని పెరిగే జీతంలోంచి తీసివేసి చూడండి. ఏడాదికి 4,20,000 పెరుగుదలలో పన్ను పోగా మిగిలేదానిలోంచి ఈ రెండూ కట్టినా మీ చేతిలో గణనీయంగా మిగులుతుందనే నా అంచనా. అందుకే మొదట్లోనే వెళ్లవచ్చన్నాను.

మైగ్రేషన్ దరఖాస్తు తిరస్కరించినట్లయితే, రాతపూర్వకంగా కారణం అడిగి తీసుకుని, ఆ కాగితంతో నాకు మళ్లీ రాయండి. అప్పటిదాకా మీవారిని రాజీనామా మెయిల్ పంపవద్దనండి. మీరు సోమవారం ఆఫీసుకు వెళ్లగానే హాజరు రిజిస్టరు తీసి, అక్కడ రోజూ పనిచేస్తున్నవారెవరో, పేరు లేనివారెవరో లెక్కపెట్టండి.